గృహ వైఫై అంతరాయాలు: కారణాలు, నిర్ధారణ, నివారణ

ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు తీగల అవసరం లేకుండా రేడియో తరంగాల ద్వారా రౌటర్ అనే చిన్న పరికరంతో సంధానమై, దాని మీదుగా ఇంటర్నెట్‌ను అందుకునే ఏర్పాటును గృహ వైఫై అంటారు. ఈ సంధానం ఉన్నట్టుండి తెగిపోవడం, హాల్లో బాగా పనిచేసి పడకగదిలో అందకపోవడం, పగలున్న వేగం రాత్రికి పడిపోవడం, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడం, వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపించడం ఇందులో తరచుగా కనిపించే అంతరాయాలు. పైకి ఇవన్నీ ఒకే లోపంలా తోచినా వీటి మూలాలు వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి, మూలం ఎక్కడుందో తేల్చుకోకుండా కొనే కొత్త రౌటరు గానీ, పెంచుకునే ప్లాను గానీ చాలా సందర్భాల్లో వృథా ఖర్చే అవుతుంది.

ఇంటర్నెట్ సమాచారం చేతిలోని ఫోనుకు చేరాలంటే రెండు దారులు దాటాలి. సర్వీసు సంస్థ కేంద్రం నుంచి ఇంటి గోడ వరకు ఫైబర్ కేబుల్ మీద సాగేది బయటి దారి; రౌటర్ నుంచి ఫోను వరకు గాలిలో సాగేది లోపలి దారి. బయటి దారికి బాధ్యత సంస్థది. లోపలి దారిని చక్కదిద్దుకోవడం చాలావరకు ఇంటివారి చేతిలో పని. అంతరాయ నిర్ధారణ అంటే ప్రధానంగా ఈ రెంటినీ విడదీసి పరీక్షించడమే.

ఉమ్మడి తరంగాలు

1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, అంతవరకు పరిశ్రమల యంత్రాలకు, వైద్య పరికరాలకు, మైక్రోవేవ్ ఓవెన్లకు వదిలేసిన కొన్ని పౌనఃపున్య పట్టీల్లో లైసెన్సు లేకుండానే సమాచార ప్రసారం జరుపుకోవడానికి అనుమతించింది. తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే సంఖ్యను పౌనఃపున్యమని, అలాంటి సంఖ్యల ఒక వరుసను పట్టీ లేదా బ్యాండ్ అని పిలుస్తారు. ఆ పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసేలా ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1997లో 802.11 అనే ప్రమాణాన్ని వెలువరించినప్పుడు దాని గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో అది 11 మెగాబిట్లకు పెరిగింది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి పొసగుతాయని ధ్రువీకరించే వైఫై అలయన్స్‌కు పునాది పడింది కూడా ఆ ఏడాదే. తర్వాత 2009, 2013, 2021 సంవత్సరాల్లో వచ్చిన ప్రమాణాలను నేడు వరుసగా వైఫై 4, 5, 6 అని వ్యవహరిస్తున్నారు. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లో లైసెన్సు మినహాయింపు లభించగా, 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ మేర 2018 అక్టోబరులో విస్తృత వినియోగానికి తెరుచుకుంది.

లైసెన్సు అక్కర్లేని పట్టీకి రక్షణ కూడా ఉండదు. పక్కింటి రౌటర్, కింది ఫ్లాటులోని ఓవెన్, ఎదుటివారి బ్లూటూత్ స్పీకర్ అన్నిటికీ ఆ గాలి మీద సమాన హక్కు ఉంది. వాటివల్ల కలిగే ఆటంకాన్ని భరిస్తూ పని చేసుకునేలానే వైఫై రూపొందింది. అందువల్ల కొంత తడబాటు ఈ సాంకేతికతకు సహజమని, తీగకున్న నిలకడ దీనికి ఎన్నడూ పూర్తిగా రాదని ముందే గుర్తించడం అవసరం.

బయటి దారి: ఫైబర్, దీపాలు, అడాప్టరు

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇంటికొచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఇప్పుడు ఎక్కువగా జీపాన్ అనే పద్ధతిలో నడుస్తోంది. ఇందులో కేంద్రం నుంచి బయలుదేరిన ఒకే గాజుపోగు స్ప్లిటర్ అనే విభాజకం దగ్గర 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. కేంద్రం నుంచి ఇంటికి 1490 నానోమీటర్ల కాంతి, ఇంటి నుంచి కేంద్రానికి 1310 నానోమీటర్ల కాంతి ఆ ఒక్క పోగులోనే ఎదురెదురుగా సాగుతాయి. సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్ల దిగుమతి సామర్థ్యాన్ని, 1.25 గిగాబిట్ల ఎగుమతి సామర్థ్యాన్ని ఆ ఇళ్లన్నీ కలిసి పంచుకుంటాయి. ఆ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. చాలా ఇళ్లలో రౌటర్ కూడా అందులోనే కలిసి ఉండడం వల్ల దాన్నే మోడెమ్ అనీ, బాక్సు అనీ పిలుస్తారు.

కాంతి బలాన్ని డీబీఎం అనే కొలమానంలో చూస్తారు. ఒక మిల్లీవాటును సున్నాగా తీసుకునే ఈ లెక్కలో 3 అంకెలు తగ్గితే బలం సగానికి, 10 తగ్గితే పదో వంతుకు పడిపోయినట్టు. సాధారణ ఓఎన్‌టీకి అందే కాంతి మైనస్ 8, మైనస్ 27 డీబీఎంల మధ్య ఉండాలి. రౌటర్ సెట్టింగుల పేజీలో ఈ అంకె కనిపిస్తుంది. అది మైనస్ 25 దాటి దిగువకు పోతుంటే సంధానం అంచున నడుస్తోందని, చిన్న కదలికకే తెగిపోవచ్చని అర్థం. పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి అసలు అందడం లేదన్నమాట. అప్పుడు వైఫై సెట్టింగులతో ఎంత కుస్తీ పట్టినా ప్రయోజనం ఉండదు.

కాంతి బలహీనపడడానికి కారణాలు తరచుగా కంటికి కనిపించేవే. బాల్కనీ నుంచి లోపలికి వచ్చే సన్నని నల్ల వైరు జరుపు కిటికీ పట్టాల మధ్య నలగడం, టీవీ బల్లను గోడకు ఆనించినప్పుడు దాని వెనుక మడత పడడం, ఆకుపచ్చ కనెక్టర్ కొనపై ధూళి చేరడం, స్తంభం మీది జంక్షన్ బాక్సులో అతుకు వదులు కావడం వాటిలో ముఖ్యమైనవి. వంపును బాగా తట్టుకునే రకం పోగులు కూడా ఒక సెంటీమీటరు వ్యాసార్థం కంటే బిగుతుగా వంగితే కాంతిని వంపు దగ్గరే కోల్పోతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే సాగింది. పట్టణాల కేబుల్ ఆపరేటర్లదీ అదే మార్గం. తక్కువ ఖర్చుతో ఊరూరికీ చేరడానికి ఈ పద్ధతి ఎంతో ఉపకరించినా, గాలివానకు, కొమ్మలకు, ఎత్తైన లోడుతో వెళ్లే లారీలకు గాలిలోని తీగ లోనయ్యేంతగా భూమిలోని తీగ లోను కాదు.

విద్యుత్ సరఫరా కూడా బయటి దారిలో భాగమే. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు కాబట్టి వీధి మొత్తం చీకటైనా కాంతి ఇంటివరకు వస్తుంది. ఓఎన్‌టీకి ఇన్వర్టరో చిన్న యూపీఎస్సో ఉంటే నెట్ ఆగదు. అయితే కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ కింది అంతస్తులోని స్విచ్ వరకే వచ్చి, అక్కడి నుంచి రాగి తీగ మీద ఫ్లాట్లకు చేరుతుంది. అలాంటి చోట ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కింది స్విచ్‌కు కరెంటు లేకపోతే నెట్ పోతుంది. ఇక ఎవరూ అనుమానించని పరికరం అడాప్టరు. ఏళ్ల తరబడి వేడిలో పనిచేసి లోపలి కెపాసిటర్లు బలహీనపడ్డాక అది ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు చూపించినా, ఇంటిల్లిపాదీ వీడియోలు చూసే వేళ రౌటర్ ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి జారిపోయి, రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. రోజూ రాత్రి ఒకే వేళకు తెగే నెట్‌కు మూలం సంస్థ లైన్లో కాక ఈ అడాప్టరులో ఉండే అవకాశాన్ని, దాన్ని అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు గల మరొకదానితో మార్చి చూసి తేల్చుకోవచ్చు.

లోపలి దారి: గోడలు, శ్లాబులు

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు. అడ్డేమీ లేని చోట కూడా, ఒకే బలంతో బయలుదేరినప్పుడు, రెండో తరంగం నుంచి ఫోను యాంటెన్నా గ్రహించే శక్తి మొదటి దానిలో దాదాపు నాలుగో వంతే ఉంటుంది. గోడలు దాటడంలోనూ అది వెనుకబడుతుంది. ప్లైవుడ్ తలుపు, జిప్సం అడ్డుగోడ తరంగాన్ని పెద్దగా ఆపవు. ఇటుక గోడ కొంత మింగుతుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబు, పిల్లరు, లిఫ్టు గది బాగా అడ్డుకుంటాయి. హైదరాబాద్‌లోని అనేక కొత్త బహుళ అంతస్తుల భవనాల్లో మైవాన్ పద్ధతిలో లోపలి గోడలను కూడా ఇనుముతో కాంక్రీటుగా పోత పోస్తున్నందువల్ల, పాత ఇటుక గోడల ఇల్లు మొత్తానికి సరిపోయిన రౌటర్ ఈ కొత్త ఇళ్లలో రెండో గదికే నీరసిస్తుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం వెనుక ఉండే లోహపు పూత, నీటి ట్యాంకు, చేపల తొట్టి కూడా అడ్డంకులే. లోహం తరంగాన్ని వెనక్కు కొడుతుంది, నీరు పీల్చుకుంటుంది.

గదిలో అందే రేడియో బలాన్ని కూడా డీబీఎంలోనే కొలుస్తారు. ఫోన్లో వైఫై ఎనలైజర్ రకపు యాప్ పెట్టుకుని గది గదికీ తిరిగితే ఈ అంకె కనిపిస్తుంది. మైనస్ 50 ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్‌కు ఢోకా లేదు. మైనస్ 75 దాటాక మాట తెగడం మొదలవుతుంది. మైనస్ 80 దగ్గర పేరు కనిపించినా పని జరగదు. తెర మీది గీతలు ఈ సూక్ష్మతను చూపించవు. పైగా అవి రౌటర్ మాట ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే తెలుపుతాయి. బ్యాటరీతో నడిచే ఫోను అంతకంటే తక్కువ బలంతో ఇచ్చే జవాబు రౌటర్‌కు చేరుతోందో లేదో తెలపవు. గీతలు నిండుగా ఉన్నా పేజీ కదలకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

కాబట్టి రౌటర్ స్థానమే మొదటి చికిత్స. ఫైబర్ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, అంటే హాలు మూలలో టీవీ వెనుకనో, తలుపున్న అరలోనో, అటక మీదనో పెట్టెను బిగించి వెళ్లడం సాధారణంగా జరుగుతోంది. దాన్ని ఇంటి మధ్య భాగానికి, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, చుట్టూ గాలి ఆడే చోటుకు మార్చడం వల్ల కలిగే మేలు చాలా ఇళ్లలో కొత్త రౌటర్ వల్ల కలిగే మేలుకు తీసిపోదు. నిలువుగా ఉన్న యాంటెన్నా చుట్టూ తరంగాలు గారె ఆకారంలో పరుచుకుంటాయి. అడ్డంగా దూరం పోతాయి, సరిగ్గా పైకీ కిందికీ తక్కువగా పోతాయి. ఒకే అంతస్తు ఇంట్లో యాంటెన్నాలు నిలువుగానే ఉండాలి. డూప్లెక్స్ ఇంట్లో ఒకదాన్ని పక్కకు వంచితే పై అంతస్తుకు కొంత మేలు. తెలుగునాట ఏప్రిల్, మే నెలల వేడిలో మూసిన అరలోని రౌటర్ కాగిపోయి మొండికేస్తుందన్న సంగతీ మరువరాదు.

ఛానళ్ల రద్దీ, ఓవెన్ అడ్డు

2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో 13 ఛానళ్లుగా లెక్కిస్తారు. వాటి కేంద్రాల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ ప్రసారం ఆక్రమించే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అందువల్ల పక్క పక్క ఛానళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండేలా సాధారణంగా వాడేవి 1, 6, 11. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట మరొకటి విని, ఎదుటివారు ఆగాకే మాట్లాడతాయి. రద్దీ పెరిగితే వేగం తగ్గుతుందే తప్ప మాట చెడదు. ఇంటివారు ఖాళీగా కనిపించిందని 3వ ఛానల్‌ను ఎంచుకుంటే, 1లో ఉన్నవారికీ 6లో ఉన్నవారికీ ఆ ప్రసారం అర్థం కాని రొదగా మారి అందరికీ నష్టం చేస్తుంది. ఈ పట్టీలో ఛానల్ వెడల్పును 40కి పెంచే సెట్టింగ్ కూడా, అపార్ట్‌మెంట్లలో, మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

విని మాట్లాడే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. రెండు పరికరాలు ఒకే రౌటర్‌కు రెండు వైపులా ఉండి, మధ్య గోడల వల్ల ఒకదాని మాట మరొకదానికి వినిపించకపోతే, రెండూ ఒకేసారి మాట్లాడి రౌటర్ దగ్గర ఢీకొంటాయి. ఢీకొన్న ప్రతిసారీ అవి మరింతసేపు ఆగి మళ్లీ పంపుతాయి. ఆ ఆగడమే వీడియో కాల్‌లో ఎదుటివారి ముఖం నిలిచిపోవడంగా కనిపిస్తుంది. దూరపు గదిలో నీరసమైన సిగ్నల్‌తో పనిచేసే ఒక్క పాత ఫోను, తన సమాచారాన్ని అతి నెమ్మదిగా పంపుతూ గాలిని ఎక్కువసేపు ఆక్రమించి, రౌటర్ పక్కనే ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌ను కూడా మందగింపజేస్తుంది.

మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది సుమారు 2.45 గిగాహెర్ట్జ్ వద్ద, అంటే సరిగ్గా వైఫై పట్టీ నడుమ. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడితే, ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే మామూలు ఓవెన్ అందులో దాదాపు సగం సేపు తరంగాలను వెలువరించి, మిగతా సగం మౌనంగా ఉంటుంది. తలుపు సందుల నుంచి చిందే ఆ అత్యల్ప శక్తి మనుషులకు హాని చేసేంతది కాకపోయినా, వైఫైకి మాత్రం ఎక్కువే. ఆ మౌన విరామాల్లోనే వైఫై పొట్లాలు, అంటే ప్యాకెట్లు అనే సమాచారపు చిన్న ముక్కలు, దూరి బయటపడాలి కాబట్టి, నెట్ పూర్తిగా పోకుండా కుంటుతూ నడుస్తుంది. బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు పౌనఃపున్యం మారుస్తూ, రద్దీ ఉన్న చోటును తప్పుకునే తెలివి 2003 నుంచి సంతరించుకుంది కాబట్టి దాని బెడద తక్కువ. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు, దాని కేబుల్ ఇదే పట్టీలో రొద వెలువరిస్తాయని ఇంటెల్ 2012లో ప్రచురించిన పత్రం చూపింది. రౌటర్‌కు ఆనించి పెట్టిన డిస్కును కాస్త దూరం జరిపితే చాలు.

ఈ బెడదలన్నిటికీ దగ్గరి దారి 5 గిగాహెర్ట్జ్. అక్కడ ఛానళ్లు ఎక్కువ, ఓవెన్ లేదు, గోడలు దాటే బలం తక్కువ కావడం వల్ల పక్కింటి తరంగాల పోటీ కూడా తక్కువ. రౌటర్ ఉన్న గదిలోనూ, పక్క గదిలోనూ 5, అంతకంటే దూరంలో 2.4 వాడుకోవడం మేలైన పద్ధతి. తక్కువ ధర స్మార్ట్ బల్బులు, కెమెరాలు చాలావరకు 2.4 మీదనే పనిచేస్తాయి కాబట్టి దాన్ని పూర్తిగా ఆపివేయకూడదు.

నిర్ధారణ క్రమం

సరైన నిర్ధారణకు తొలి సాధనం ఒక ఈథర్‌నెట్ కేబుల్. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపి చూసినప్పుడు కూడా అంతరాయం కొనసాగితే లోపం బయటి దారిలోనో రౌటర్‌లోనో ఉంది. తీగ మీద బాగుండి గాలిలో మాత్రమే తడబడితే లోపం లోపలి దారిది. తీగ మీద వేగం ఎప్పుడూ 95 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంటే, రౌటర్‌కున్నది 100 మెగాబిట్ల పోర్టు కావచ్చు, లేదా కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగి ఉండవచ్చు. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. వేగ పరీక్షలు చూపేది మెగాబిట్లనని, ఫైలు పరిమాణం చెప్పేది మెగాబైట్లలోనని, బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100 మెగాబిట్ల ప్లానులో సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లేనని గమనించాలి.

రెండో సాధనం పింగ్. ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపే ఆదేశమిది. కంప్యూటర్‌లో రెండు విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామాకు, సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1, రెండోదానిలో గూగుల్ నడిపే 8.8.8.8కు ఆగకుండా పింగ్ పంపుతూ, అంతరాయం వచ్చే వేళ రెంటినీ పోల్చి చూడాలి. రౌటర్ జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ బయటి జవాబు మాత్రమే పోతుంటే లోపం బయటిది. రౌటర్ జవాబే వందలకు ఎగబాకుతున్నా, మధ్యలో రాకుండా పోతున్నా లోపం గాలిలో ఉంది. 8.8.8.8 జవాబిస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవ మొరాయించిందని గ్రహించి దాన్ని మార్చుకోవచ్చు. సగటు కంటే నిలకడ ముఖ్యం: వీడియో కాల్‌ను చెడగొట్టేది జాప్యంలోని ఎగుడుదిగుళ్లు, దారిలో పోయే పొట్లాలు.

రౌటర్‌ను ఆపి మళ్లీ వేయడం అందరికీ తెలిసిన వైద్యం. అది తరచుగా పనిచేయడానికి కారణాలున్నాయి: రౌటర్ ఛానల్‌ను కొత్తగా ఎంచుకుంటుంది, నిండిన మెమరీ ఖాళీ అవుతుంది, ఓఎన్‌టీ కేంద్రంతో తిరిగి నమోదవుతుంది. కానీ వీటిలో ఏది ఫలించిందో అది చెప్పదు. పైగా ఆధారాలన్నిటినీ చెరిపివేస్తుంది. ఎర్ర దీపం వెలిగిందా, పింగ్ ఎక్కడ తెగింది అన్నవి రాసుకున్నాకే స్విచ్ నొక్కాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూశాక మరోదానికి పోవాలి.

క్యూలో చిక్కిన పొట్లాలు

తీగ బాగుండి, సిగ్నల్ బాగుండి, వేగ పరీక్ష కూడా బాగుండి, ఎవరైనా ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు మాత్రమే మిగతావారి కాల్ చెడిపోయే స్థితిని బఫర్‌బ్లోట్ అంటారు. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ తన ఇంటి సంధానంలోనే దీన్ని గమనించి ప్రపంచం దృష్టికి తెచ్చారు. రౌటర్ ఏ పొట్లాన్నీ పోనివ్వకూడదని అతిగా నిల్వ చేసుకోవడం వల్ల, ఒక పెద్ద ఫైలు పొట్లాల వెనుక కాల్ పొట్లాలు వరుసలో చిక్కి, పది మిల్లీసెకన్ల జాప్యం వందలకు పెరుగుతుంది. వరుసలో ఎంతసేపు నిలిచిందన్న దాన్నిబట్టి పొట్లాలను ముందే వదిలించే కోడెల్ పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ప్రతిపాదించారు. దాన్ని అమలు చేసే సెట్టింగ్ కొన్ని రౌటర్లలో ఉంటుంది. దాన్ని తెరిచి ఎగుమతి, దిగుమతి వేగాలను వాస్తవ వేగంలో సుమారు 90 శాతానికి పరిమితం చేస్తే గరిష్ఠ వేగం కాస్త తగ్గినా కాల్స్ నిలకడగా సాగుతాయి. ఎక్కువ మెగాబిట్ల ప్లాను కొనడం కంటే ఇది ఫలించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

పరిధిని పెంచే మార్గాలు

స్థానం మార్చినా అందని గదులకు అన్నిటికంటే నమ్మకమైనది, అక్కడికి క్యాట్ 6 ఈథర్‌నెట్ తీగ లాగి రెండో వైఫై కేంద్రాన్ని నెలకొల్పడం. ఇంటి నిర్మాణ సమయంలోనే కరెంటు పైపులతో పాటు దీనికీ విడిగా పైపులు వేయించుకోవడం ఏళ్ల ఇబ్బందిని తప్పిస్తుంది. రెండో రౌటర్‌ను లాన్ పోర్టు ద్వారా కలిపేటప్పుడు అందులోని డీహెచ్‌సీపీ సేవను, అంటే పరికరాలకు అంకెల చిరునామాలు పంచే పనిని, ఆపివేయాలి. లేకపోతే రెండు పెట్టెలు పరస్పర విరుద్ధమైన చిరునామాలు పంచి, కొన్ని ఫోన్లకు నెట్ వచ్చీ కొన్నింటికి రాక అయోమయం నెలకొంటుంది. తీగ వీలుకాని చోట, గదుల్లో అక్కడక్కడా ఉండి ఒకే వైఫైగా కలిసి పనిచేసే మెష్ పరికరాలు మేలు. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేసే చవక రిపీటర్ వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది; దాన్ని సిగ్నల్ అందని గదిలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. సిగ్నల్ ఇంకా బాగున్న మధ్య స్థలంలోనే దాన్ని ఉంచాలి.

ఫిర్యాదు

లోపం బయటి దారిలో ఉందని తేలితే, తీగ మీద చేసిన వేగ పరీక్షలు, పింగ్ తెగిన తేదీ, వేళ, ఆ సమయంలో ఓఎన్‌టీ చూపిన కాంతి బలం వినియోగదారుకు బలమైన ఆధారాలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం సర్వీసు సంస్థ ఫిర్యాదు కేంద్రం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. దాని పరిష్కారం తృప్తినివ్వకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి ఉచితంగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. వీధి చివరి ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పడంతో సరిపెట్టుకోకుండా, డాకెట్ నంబరును అడిగి తీసుకుని రాసిపెట్టుకోవాలి. అప్పీలుకు ఆధారం ఆ నంబరే.